వీల్‌చైర్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ: చేరే ముందే ల్యాబ్‌లో ఏమేం అడగాలి?

చెకుముకి (వరంగల్)

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి మీ సలహా కావాలి.

నాకు ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ సీటొచ్చింది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) ఉంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాది అయ్యాక రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. అప్పటి నుంచి వీల్‌చైర్. రెండేళ్ళు ఇంట్లోనే ఉండి, మళ్ళీ వెళ్ళి డిగ్రీ పూర్తి చేశాను. వచ్చే నెలలో చేరాలి.

నిన్న నాన్నతో వెళ్ళి మూడో అంతస్తులో ఉన్న ల్యాబ్ చూసొచ్చాను. అమ్మ కుట్టుమిషను దగ్గరుండే టేపు బ్యాగులో వేసుకెళ్ళాను. ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిరిని బయటికి లాగేసే, ముందు అద్దం తలుపున్న పెట్టె) బల్ల నేల నుంచి 91 సెంటీమీటర్లుంది. కుర్చీలో కూర్చుంటే నా మోచెయ్యి 67 దగ్గరుంటుంది. బల్ల కింద సాల్వెంట్ సీసాల అల్మరా, దానివల్ల మోకాళ్ళు లోపలికి వెళ్ళవు. కుర్చీని పక్కకి తిప్పి, నడుము మెలిపెట్టి, ఒక చెయ్యి లోపలికి చాపితే ఫ్లాస్కు మెడ వేళ్ళకి తగిలింది. అంతే, తగిలింది. పట్టుకోవడం కుదరలేదు. హుడ్ అద్దం పైకెత్తే పిడి అందలేదు, నాన్నే ఎత్తారు. సేఫ్టీ షవర్ (ఒంటి మీద రసాయనం పడితే కడుక్కునే జల్లు) గొలుసూ అందలేదు. స్టోర్స్ గది ముందు ఒక మెట్టుంది.

గైడ్ గారు చాలా మర్యాదగా మాట్లాడారు. "నీకెందుకమ్మా ఈ శ్రమ, కంప్యూటేషనల్ వైపు వచ్చెయ్" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ రియాక్షన్ పెట్టి, అరగంటకోసారి టీఎల్‌సీ ప్లేటుని (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో మచ్చలుగా చూపించే పలక) యూవీ దీపం కింద పెట్టి చూస్తే, కింది మచ్చ పల్చబడి దాని పైన కొత్త మచ్చ తేలుతూ ఉంటుంది చూడండి, అది చూడటం కోసమే నేను ఈ సబ్జెక్టు తీసుకున్నాను.

ఏమేం అడగాలి? ఎవరిని? ముందే ఇన్ని అడిగితే గైడ్ వెనక్కి తగ్గుతారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్.

సాగరఘోష (విశాఖపట్నం)

ముందే అడుగు చెల్లీ. చేరాక అడిగితే "మరి చేరేటప్పుడు చెప్పలేదేం?" అంటారు. నాకు అదే జరిగింది.

నాకు చూపు లేదు. ఫిజిక్స్ థియరీలో పీహెచ్‌డీ నాలుగో ఏడు నడుస్తోంది. మన శ్రీకాంత్ బొల్లా సంగతి అందరికీ తెలుసు. చూపు లేదని ఇంటర్లో సైన్స్ గ్రూపు ఇవ్వనంటే కోర్టుకెళ్ళి ఎంపీసీలో చేరాడు, తర్వాత ఎంఐటీకి వెళ్ళాడు. ఆ కథని అందరూ ధైర్యం కథగా చెప్తారు. నేను విన్నప్పుడల్లా ఆగిపోయేది ఒక్కచోటే: ఇంటర్లో చేరడానికి కోర్టుకెందుకు వెళ్ళాల్సొచ్చింది? వెళ్ళే స్తోమత లేని పిల్లలు ఎంతమంది ఆ రోజుల్లో ఆర్ట్స్‌లో చేరిపోయి ఉంటారు?

గుమ్మం దాటాక సంగతి నేను చెప్తాను. నా స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఎన్‌వీడీఏ, ఉచితమే, బాగా పనిచేస్తుంది. పేపరులో మాటలన్నీ చదువుతుంది. సమీకరణం వచ్చేసరికి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. సై ఏదో ఫై ఏదో, ఏది పైన ఉందో ఏది కింద ఉందో తెలియదు. ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్లో ఉన్న పేపరైతే లేటెక్ సోర్సు (సమీకరణాల్ని మామూలు అక్షరాల్లో టైపు చేసిన ఫైలు) దొరుకుతుంది, అది పెట్టుకుని హాయిగా చదువుతాను. 1970ల నాటి పేపరు స్కాన్ చేసి పెట్టారంటే నాకది ఒక బొమ్మ మాత్రమే. ఎవరో ఒకరు చదివి పెట్టాలి. యూజీసీ ఫెలోషిప్‌లో రీడర్ కోసమో ఎస్కార్ట్ కోసమో నెలకి 2,000 రూపాయలు ఇస్తారు. ఆ 2,000కి క్వాంటమ్ ఫీల్డ్ థియరీ గుర్తులు తెలిసిన మనిషి దొరకడు. మా జూనియర్ తమ్ముడొకడు స్నేహం కొద్దీ చదువుతున్నాడు. వాడికి పరీక్షలొస్తే నా పని ఆగిపోతుంది. వాణ్ణి అడిగిన ప్రతిసారీ నాకు గొంతు తగ్గుతుంది.

ఇదేమీ పరిష్కారం లేని సమస్య కాదు. పుణెలో పుట్టి, బొంబాయి ఐఐటీలో చదివిన టి.వి. రామన్ గారికి చూపు లేదు. గణితాన్ని గొంతుతో చదివించే పద్ధతి మీదే ఆయన 1994లో కార్నెల్‌లో పీహెచ్‌డీ చేశారు. ముప్పై ఏళ్ళు దాటింది. మా లైబ్రరీలో ఈ రోజుకీ ఆ ఊసు లేదు.

తూనికరాయి (హైదరాబాద్)

నేను ఫార్మా కంపెనీలో ప్రాసెస్ సేఫ్టీ చూస్తాను. ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో మాట చెప్తున్నాను. ఆర్గానిక్ ల్యాబ్ ప్రమాదకరం. ఈథర్ అంటుకుంటే బయటికి పరిగెత్తడానికి సెకన్లే ఉంటాయి. కూర్చున్న మనిషి ఒళ్ళో యాసిడ్ పడితే? మంటలొచ్చినప్పుడు లిఫ్టు వాడకూడదు, మూడో అంతస్తు నుంచి ఎలా దిగుతారు? గైడ్ గారి సలహాలో తప్పేం లేదనిపిస్తోంది. ఇష్టం వేరు, ప్రాణం వేరు కదమ్మా.

చెకుముకి

సర్, మీరు అడిగిన మూడు ప్రశ్నలూ నాకు రాత్రి నిద్రలో కూడా వస్తాయి. వాటికి జవాబు తెలుసుకోవడానికే ఇక్కడికొచ్చాను.

వలసపిట్ట (బాల్టిమోర్)

తూనికరాయి గారూ, మీరు అదే వృత్తిలో ఉన్నారు కాబట్టి ఇంకొంచెం లోపలికి వెళ్దాం. నాకు పోలియో. ఊతకర్రలతో నడుస్తాను, ల్యాబ్‌లో ఎక్కువసేపు వీల్‌చైర్‌లోనే ఉంటాను. పదమూడేళ్ళుగా సింథసిస్ చేస్తున్నాను.

91 సెంటీమీటర్ల బల్ల ముందు కూర్చుంటే ఆమె మొహం సరిగ్గా హుడ్ నోటికి ఎదురుగా వస్తుంది. ఏం చిమ్మినా కళ్ళలోకే. అంటే ప్రమాదం ఆమె కాళ్ళలో లేదు, ఆ బల్ల ఎత్తులో ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం వీల్‌చైర్ వాళ్ళ పనిబల్ల 34 అంగుళాలకి మించకూడదు, అంటే సుమారు 86 సెంటీమీటర్లు. మోకాళ్ళకి కింద 27 అంగుళాల ఖాళీ ఉండాలి. ఎత్తు మార్చుకునే హుడ్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఒడిలో యాసిడ్ సంగతంటారా, రబ్బరు ఏప్రాన్ పొడవుది తీసుకుని మోకాళ్ళ మీదుగా పాదాల దాకా కప్పుకుంటాను. ట్రేలో పెట్టకుండా సీసా కదపను. నిలబడి పనిచేసే నా స్నేహితులకంటే నేను తక్కువసార్లు ఒలకబోశాను. ఎందుకంటే ప్రతి కదలికా ముందు ఆలోచించుకుంటాను.

మంటలకి: మెట్ల మీద మనిషిని కూర్చోబెట్టి దించే ఎవాక్యుయేషన్ చైర్ ఉంటుంది. దాన్ని వాడటం ఆ అంతస్తులో కనీసం ఇద్దరికి నేర్పాలి. ఫైర్ డ్రిల్ ఆమెతో కలిపి చెయ్యాలి. అన్నిటికంటే సులువు, ఆమె ల్యాబ్‌ని కింది అంతస్తుకి మార్చడం.

ఇక్కడంతా బాగుందని అనుకోకండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు నడిపే ప్రధాన పరిశోధకుల్లో తమకి వైకల్యం ఉందని చెప్పినవాళ్ళు 2008లో 1.9 శాతం, 2018కి 1.2 శాతానికి తగ్గారు. దేశంలో పెద్దవాళ్ళలో నలుగురిలో ఒకరికి ఏదో ఒక వైకల్యం ఉంది. ఆ తేడా ఎక్కడికి పోయింది? కొందరు వదిలేసి వెళ్ళిపోయారు, కొందరు ఉన్నా చెప్పట్లేదు. నేను కూడా మొదటి ఉద్యోగ ఇంటర్వ్యూలో వీడియో కాల్‌లో భుజాల పైదాకానే కనిపించేలా కూర్చున్నాను. ఇప్పటికీ అది తల్చుకుంటే బాధగా ఉంటుంది.

అడ్వొకేట్ గుంటూరు

చెకుముకి గారూ, మీరు అడగబోయేది ఉపకారం కాదు. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, ఇందులో 21. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. అందరికీ ఈ శాతాలే గుర్తుంటాయి. ఎవరూ చదవని మాట ఇంకోటుంది, రీజనబుల్ అకామడేషన్. అంటే ఆ మనిషి ఆ పని మిగతావాళ్ళతో సమానంగా చేసుకోవడానికి కావలసిన మార్పులు, సంస్థ మీద మొయ్యలేని బరువు పడకుండా చేసివ్వడం. అది ఇవ్వకపోవడం కూడా వివక్షే అని చట్టం నిర్వచనంలోనే రాసి ఉంది. విద్యాసంస్థల గురించి 16వ సెక్షన్ చూడండి, ఒక్కో మనిషి అవసరాన్ని బట్టి ఈ ఏర్పాట్లు చెయ్యాలంటుంది.

2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్ళింది. రిజర్వేషన్లకి హద్దుగా పెట్టిన 40 శాతం వైకల్యం లేకపోయినా, అవసరం ఉన్న మనిషికి ఈ ఏర్పాటు ఇవ్వాలంది. 2024 నవంబర్‌లో రాజీవ్ రాతూరి కేసులో, భవనాలు, రవాణా లాంటివాటి సౌకర్యాల నిబంధనలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని చెప్పింది. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి కోర్టుకి రిపోర్టు ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే.

మీరు చెయ్యాల్సింది: మాటల్లో అడగొద్దు, కాగితం మీద అడగండి. కొలతలు వెయ్యండి. "బల్ల ఎత్తుగా ఉంది" అని రాస్తే "చూద్దాం" అంటారు. "91 ఉంది, 80 కావాలి, కింద అల్మరా తీసెయ్యాలి" అని రాస్తే ఎవరో ఒకరు అవునో కాదో చెప్పాలి. ప్రభుత్వ సంస్థ అయితే 23వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఉత్తరం గైడ్‌కి, డీన్‌కి, ఆ అధికారికి ముగ్గురికీ పంపండి. రసీదు తీసుకోండి. పని జరక్కపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు.

చేతిమాట (సికింద్రాబాద్)

నేను పుట్టు చెవిటిదాన్ని. మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ అయింది, ఇప్పుడు ఉద్యోగం వెతుకుతున్నాను.

అక్కా, మీ దగ్గర బల్ల ఎత్తు కొలవచ్చు. నా దగ్గర కొలవడానికేం లేదు, అందుకే రాస్తున్నాను. మా గ్రూప్ మీటింగు ప్రతి శుక్రవారం. హాల్లో లైట్లు ఆర్పేసి స్లైడ్లు వేస్తారు. పెదాలు కనబడవు. ఇంటర్‌ప్రెటర్‌ని అడిగితే "ఇంగ్లీషు స్లైడ్లున్నాయిగా" అన్నారు. ఒకసారి నా డబ్బుతో ఒకావిడని తీసుకొచ్చాను. ఆమె చాలా మంచావిడ. కానీ 'ప్లాస్మిడ్'కి సైగ లేదు, 'ప్రమోటర్'కి లేదు, వేళ్ళతో అక్షరం అక్షరం రాస్తుంటే నాలుగు స్లైడ్లు దాటిపోయాయి. ఢిల్లీలోని ప్రభుత్వ సైగ భాషా కేంద్రం ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ వాళ్ళ భారతీయ సైగ భాష నిఘంటువులో 10,000కి పైగా పదాలున్నాయి, అది గొప్ప పనే. కానీ పరిశోధన స్థాయి పదాలు మనమే కూర్చుని చేసుకోవాలి. నేనూ ఇద్దరు స్నేహితురాళ్ళూ కలిసి ఇప్పటిదాకా నూటనలభై సైగలు అనుకున్నాం.

కోవిడ్‌లో ఒక వింత జరిగింది. ల్యాబ్‌లో అందరికీ మాస్కులు, నాకు లోకం మూతబడిపోయింది. అదే సమయంలో మీటింగులు ఆన్‌లైన్‌కి వెళ్ళాయి, తెర కింద క్యాప్షన్లు వచ్చాయి. జీవితంలో మొదటిసారి మా సీనియర్లు మీటింగులో ఒకరినొకరు ఎలా ఆటపట్టించుకుంటారో చదివాను. ప్రశ్న అడిగాను. మా గైడ్ ఆశ్చర్యపోయి "నువ్వింత ఆలోచిస్తావా" అన్నారు. తర్వాత మళ్ళీ హాలుకి వచ్చేశారు. క్యాప్షన్లు పెట్టమని అడిగితే "హాల్లో నెట్ సరిగ్గా రాదు" అన్నారు. అక్కడితో ఆగిపోయింది.

హార్వర్డ్ అబ్జర్వేటరీలో నూరేళ్ళ కిందట నక్షత్రాల దూరం కొలిచే దారి చూపిన హెన్రియెట్టా లెవిట్‌కీ, నక్షత్రాలని వర్గాలుగా విడగొట్టిన ఆనీ జంప్ కానన్‌కీ వినికిడి లోపమే. నాకు వాళ్ళ పేర్లు ఎవరూ బడిలో చెప్పలేదు.

అడవిమల్లె (పాడేరు)

కనబడని వైకల్యం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు సికిల్ సెల్. మా ఏజెన్సీలో చాలా ఇళ్ళల్లో ఉన్నదే. చూడ్డానికి ఏమీ తెలియదు. నేను చేసేది ప్రొటీన్ బయోకెమిస్ట్రీ, అందులో సగం పని నాలుగు డిగ్రీల కోల్డ్ రూమ్‌లో. చలి తగిలితే నాకు నొప్పి మొదలవుతుంది. ఎముకల లోపల నుంచి, గంటల్లో మంచానికి అతుక్కుపోయేంత. కాలమ్‌ని (ప్రొటీన్లని వేరుచేసే గొట్టం) కోల్డ్ రూమ్ బయట చిన్న ఫ్రిజ్ క్యాబినెట్‌లో పెట్టుకుంటానని అడిగాను. "అందరూ లోపలే చేస్తున్నారు, నీకొక్కదానికేంటి" అన్నారు. రెండు స్వెట్టర్లు వేసుకుని వెళ్ళాను. మూడోసారి ఆస్పత్రిలో చేరాక ఫ్రిజ్ వచ్చింది.

సదరం క్యాంపు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను సర్టిఫికెట్ కోసం. అడ్వొకేట్ గారు చెప్పిన 21లో సికిల్ సెల్ ఉంది. కానీ ఉద్యోగాల 4 శాతం రాసిన 34వ సెక్షన్‌లో రక్త వ్యాధుల పేర్లు లేవు. సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా మూడూ లేవు. అంటే వైకల్యం ఉందని చట్టం ఒప్పుకుంటుంది, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మమ్మల్ని వదిలేస్తుంది. అడ్వొకేట్ గారూ, నేను చదివింది తప్పైతే చెప్పండి.

అడ్వొకేట్ గుంటూరు

తప్పు కాదమ్మా, సరిగ్గానే చదివారు. రిజర్వేషన్ లేదు. కానీ రీజనబుల్ అకామడేషన్, వివక్ష చూపకూడదన్న నిబంధన మీకూ వర్తిస్తాయి. ఆ ఫ్రిజ్ మీ హక్కు. మూడోసారి ఆస్పత్రి దాకా రానివ్వకుండా ఇవ్వాల్సింది.

పాతబెంచి (తిరుపతి)

నేను ముప్పైరెండేళ్ళు పాఠం చెప్పి, పీహెచ్‌డీలు చేయించి రిటైరయ్యాను. చదువుతూ చదువుతూ ఒక పేరు గుర్తొచ్చి లేచి కాసేపు బయట తిరిగొచ్చాను.

నా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు. పోలియో. చురుకైనవాడు. మా డిపార్ట్‌మెంటు రెండో అంతస్తులో, లిఫ్టు తరచూ మొరాయించేది. రోజూ నాలుగుసార్లు పాకుతూ ఎక్కేవాడు, ఎప్పుడూ నోరు విప్పి అడగలేదు. నేను "ఎంత పట్టుదల రా నీది" అని మెచ్చుకునేవాణ్ణి. అందరి ముందూ మెచ్చుకున్నాను. మూడో ఏట మానేసి బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నాకు కోపం కూడా వచ్చింది. వాడి బెంచిని కింది అంతస్తులో ఖాళీగా ఉన్న గదికి మార్చే అధికారం నా చేతిలోనే ఉంది. ఒక్క ఉత్తరం. ఆ ఆలోచనే రాలేదు. నా మెచ్చుకోలే అడ్డొచ్చిందని ఇప్పుడనిపిస్తోంది. పట్టుదల చూసి మురిసిపోయినంతకాలం మెట్లు నా కంటికి కనబడలేదు.

అమ్మా చెకుముకీ, నీ గైడ్‌కి ఒక దారి చూపించు. చాలామంది గైడ్లు "కాదు" అనేది మనసు లేక కాదు, డబ్బు ఏ పద్దు కింద రాయాలో తెలియక. పెద్ద పని అయితే ఇండెంటు (కొనుగోలు అర్జీ), కొటేషన్లు, పర్చేజ్ కమిటీ అని ఆరు నెలలు పడుతుంది. కాబట్టి రెండు ముక్కలు చెయ్యి. వడ్రంగి, ఫిట్టర్ ఒక రోజులో చేసేవి వేరే జాబితా: అల్మరా తలుపులు తియ్యడం, షవర్ గొలుసు పొడిగించడం, స్టోర్స్ మెట్టుకి వాలు చెయ్యడం. అది ఇంజనీరింగ్ సెక్షన్ మెయింటెనెన్స్ కిందే అయిపోతుంది. హుడ్ మాత్రం ఇండెంటు. అది వచ్చే ప్రాజెక్టు ప్రపోజల్లో కూడా రాయమను. అలాగే ఒక ల్యాబ్ అటెండెంటు రోజుకి రెండు గంటలు, బరువులు ఎత్తడానికి, పై అరల్లోవి అందించడానికి. రియాక్షన్ నీదే, చెయ్యి మాత్రం సాయం. ఇది స్పష్టంగా రాయి. లేకపోతే రేపు వైవాలో "పని ఎవరు చేశారు" అని అడిగేవాడొకడు ఉంటాడు.

తూనికరాయి

వలసపిట్ట గారూ, బల్ల ఎత్తు మాట నిజం. ఇన్నేళ్ళలో నేను అటు నుంచి ఆలోచించలేదు. మా ప్లాంటు ల్యాబ్‌కి రిస్క్ అసెస్‌మెంటు నేనే రాస్తాను. అందులో "ఆపరేటర్ నిలబడి ఉన్నాడు" అని ఎక్కడా రాయను, అయినా ప్రతి లైనూ అలా అనుకునే రాశాను. చెకుముకి గారూ, మీకు అభ్యంతరం లేకపోతే మీ హుడ్‌కి రిస్క్ అసెస్‌మెంటు నేను రాసిస్తాను. గైడ్ గారికి చూపించుకోవచ్చు. కొలతలు, వాడబోయే సాల్వెంట్ల పేర్లు మెసేజ్ చెయ్యండి.

చెకుముకి (ఇరవైరెండు రోజుల తర్వాత)

అందరికీ ఏమైందో చెప్పాలి.

ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది. అడ్వొకేట్ గారు చెప్పినట్టు కొలతలతో, పాతబెంచి సర్ చెప్పినట్టు రెండు జాబితాలుగా. తూనికరాయి గారి రిస్క్ అసెస్‌మెంటు జతచేశాను. గైడ్ గారు మొత్తం చదివి, నా ముందే స్టూలు దించుకుని, హుడ్ ముందు కూర్చున్నారు. చెయ్యి లోపలికి పెట్టారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇంజనీరింగ్ సెక్షన్‌కి ఫోన్ చేశారు.

అల్మరా తలుపులు, మధ్య పలక తీసేశారు, మోకాళ్ళు లోపలికి వెళ్తున్నాయి. హుడ్ కింద ఇనుప స్టాండు కోసి 81కి దించారు, ఎగ్జాస్టు గొట్టానికి అతుకు వేశారు. గాలి వేగం మళ్ళీ కొలిచి చూశాకే వాడాలని తూనికరాయి గారు గట్టిగా చెప్పారు, కొలిచారు, సరిపోయింది. షవర్ గొలుసు చివర రింగు కట్టారు. అద్దం పిడికి ఒక కొక్కెం ఉన్న కర్ర.

కానివి: అటెండెంటు సంగతి "పై నుంచి అనుమతి రావాలి" అన్నారు. ఎవాక్యుయేషన్ చైర్‌కి కొటేషన్లు అడిగారు, ల్యాబ్ ఇంకా మూడో అంతస్తులోనే ఉంది. స్టోర్స్ మెట్టుకి వాలు కట్టారు కానీ చాలా నిటారుగా ఉంది. మెట్టు 15 సెంటీమీటర్లు, వాలు పొడవు 60. ఎక్కబోతే కుర్చీ వెనక్కి ఒరిగింది, నాన్న పట్టుకున్నారు. దీనికి మళ్ళీ ఎవరికి రాయాలి? మళ్ళీ మళ్ళీ అడుగుతోందనుకుంటారేమో అని ఆగాను.

సాగరఘోష అన్నా, మీ స్కాన్ పేపర్లు నాకు పంపండి. నేను లేటెక్‌లో టైపు చేస్తాను. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీయే.

అడ్వొకేట్ గుంటూరు

ఆగకండి. వాలుకి లెక్క 1:12. మెట్టు 15 అయితే వాలు పొడవు 180 సెంటీమీటర్లు ఉండాలి, వాళ్ళు మూడో వంతు కట్టారు. ఫోటో తీసి, టేపు పక్కన పెట్టి తియ్యండి, ఇంజనీరింగ్ సెక్షన్‌కి, డీన్‌కి పంపండి. ఈలోగా దాని మీదకి ఎక్కొద్దు. కావలసినవి స్టోర్స్ వాళ్ళనే బయటికి తెచ్చివ్వమని అదే ఉత్తరంలో రాయండి.

సాగరఘోష

పంపాను చెల్లీ, రెండు పేపర్లు. మొదటిది 1974ది, పదకొండు పేజీలు. మూడో పేజీలో ఏడో సమీకరణం దగ్గర మా తమ్ముడు కూడా తడబడ్డాడు, అక్కడ గుర్తు కిందదో పైదో చూసి చెప్పు. తొందరేం లేదు. నీ మొదటి రియాక్షన్ ఏం పెట్టావో రాయి.

చెకుముకి

కింద ఉంది అన్నా, మ్యూ కింద, న్యూ పైన. ఆ పేజీ అయిపోయింది.

రియాక్షన్ సుజుకి కప్లింగ్ (రెండు అణువుల కార్బన్లని కలిపేది) పెట్టాను. నాలుగు గంటలకి మచ్చ విడిపోయింది.